పాకం రాని సీసా

శనివారం ఉదయం పదీ ఇరవైకి డిటెక్టివ్ దశరథరామయ్య నందిగామ పోలీసు స్టేషన్ మెట్లెక్కాడు. సాయంత్రం నాలుగింటికి ప్రేమకుమారిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత ఆమె రాజమండ్రి జైలుకే. ఒళ్ళో ఏడు నెలల పిల్లవాడు. పాలు మానని పసివాణ్ణి తల్లితోపాటు జైలుకు పంపుతారా, తల్లినుంచి విడదీస్తారా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

తెల్లవారకముందే ఆమె భర్త, జగ్గయ్యపేట బడిపంతులు కృపారావు బెజవాడ వచ్చి ఆయన తలుపు తట్టాడు. బస్సులో వస్తూ జరిగినదంతా చెప్పి, నందిగామలో దిగగానే ప్లీడరును వెతుక్కుంటూ వెళ్ళాడు.

చనిపోయిన మనిషి డాక్టర్ వరప్రసాదరావు. పేరుకు డాక్టరేగాని నాడి పట్టే డాక్టరు కాదు. మెదడు ఎట్లా పనిచేస్తుందో శోధించే శాస్త్రజ్ఞుడు. పైదేశంలో చదివి, బెంగుళూరులో పనిచేసి, చక్కెర జబ్బు వచ్చాక సొంత ఊరు జగ్గయ్యపేట చేరాడు. పెళ్ళీ పిల్లలూ లేరు. ఇంట్లోనే రెండు గదులు పరిశోధనకు పెట్టుకుని, తన ఒంటిమీదే ప్రయోగాలు చేసుకునేవాడు. ఆయన చెప్పింది రాసిపెట్టడానికి ఎస్సెల్సీ దాకా చదివిన ప్రేమకుమారిని ఏడాదిగా పనిలో పెట్టుకున్నాడు. నిన్న, అంటే 1962 ఏప్రిల్ ఇరవయ్యో తేదీ శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన ప్రాణం పోయింది. రెండింటికి పోలీసులు ప్రేమకుమారిని పట్టుకెళ్ళారు.

స్టేషన్ వెనక గదిలో గోడకానుకుని ప్రేమకుమారి కూర్చుని ఉంది. పక్కన అత్తగారు ఆరోగ్యమ్మ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ఊపుతోంది. ఆకులో రెండు ఇడ్లీలు అట్లాగే ఎండిపోయి ఉన్నాయి.

"నిన్న ఎన్నింటికి వెళ్ళావమ్మా?" అన్నాడు దశరథరామయ్య, జేబుగడియారం తీసి నేలమీద పెట్టుకుని.

"తొమ్మిదింటికండి. పిల్లాణ్ణి కూడా తీసుకెళ్ళా. వరండాలో ఉయ్యాల ఉంది."

"వెళ్ళగానే ఏం చేస్తావు?"

"పది మాటలు చదువుతానండి. గొడుగు, జల్లెడ, పలక... అట్లాంటివి. రోజుకో పది. ఆయన విని, కాస్సేపాగి అప్పజెబుతారు. ఎన్ని గుర్తున్నాయో పుస్తకంలో వేస్తా. పక్కన మనసు ఎట్లా ఉందో ఒక్క మాట రాస్తా. నెమ్మది, విసుగు, కోపం, దిగులు, ఏదుంటే అది. తర్వాత ఆయనే పరగడుపున ఇన్సులిన్ సూది వేసుకుంటారు. అరగంటకోసారి మళ్ళీ అదే పరీక్ష."

"ఏమిటమ్మా దాని వల్ల?"

ప్రేమకుమారి మొదటిసారి తలెత్తింది. "మెదడుకి తిండి పంచదారేనంటండి. అన్నం తిన్నా రొట్టె తిన్నా అది నెత్తురులో పంచదార అయితేనే మెదడుకి పనికొస్తుందంట. సూదితో అది తగ్గుద్ది. తగ్గితే ముందు గుణం మారుద్ది, తర్వాత జ్ఞాపకం పోద్ది. 'పొయ్యిలో కట్టెలు లాగేస్తే ఎసరు ఆగిపోయినట్టే పిల్లా' అనేవారు. అయిదు మాటలకి దిగగానే నేను సీసాలో పంచదార నీళ్ళు గ్లాసులో పోసిస్తా. తాగిన పావుగంటకి మనిషి మామూలైపోతారు. ఎనిమిదో తొమ్మిదో చెబుతారు, నవ్వుతారు."

"నిన్న?"

"పదిన్నరకి అయిదుకి దిగారు. గ్లాసు ఇచ్చా, తాగారు. పదీ ముప్పావుకి మూడు చెప్పారు. నాకు భయమేసి ఇంకో గ్లాసు ఇస్తే సగం తాగి, గ్లాసు చేత్తో కొట్టేసారు. పదకొండింటికి ఒక్క మాట. 'ఎవతివి నువ్వు, నా ఇంట్లో ఎందుకున్నావు' అని అరిచారు. ఏడాదిలో నన్ను ఒక్కసారి ఏమే అన్న మనిషి కాదండి. పుస్తకం లాక్కుని ఏదో గీకారు. పదకొండూ ఇరవైకి పడిపోయారు. నేను ఆయన నోరు తెరిపించి సీసాలోవి చెంచాతో పోస్తూనే ఉన్నా. రెండు చెంచాలు దిగితే లేస్తారని. కేకేస్తే ఎదురింటావిడ వచ్చి అదే చూసింది."

"ఆ నీళ్ళు నువ్వెప్పుడన్నా తాగావా?"

"రోజూ ఒక గ్లాసు తాగాలండి. సూది వేసుకోని మనిషి ఎన్ని మాటలు చెబుతుందో పక్కన రాసుకునేవారు. నిన్న తాగలేదు. నా మాటల పరీక్ష కూడా వద్దన్నా."

"అదే మా పాయింటు." గుమ్మంలోంచి మరో గొంతు వినిపించింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటరత్నం లాఠీ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "రోజూ తాగే మనిషి నిన్నొక్కరోజే తాగలేదు. ఎందుకో మీరే అడగండి, దశరథరామయ్య గారూ. బెజవాడ నుంచి వచ్చిన శ్రమకి అదన్నా దక్కుతుంది."

"ఎందుకమ్మా?"

"శుభ శుక్రవారం కదండీ. మూడింటి ఆరాధన అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టం."

"పాలిచ్చేదానివి, నీకెందుకే ఉపవాసం అని నెత్తీనోరూ కొట్టుకున్నా నాయనా," అంది ఆరోగ్యమ్మ. "వింటేనా. పోయిన వారం పిల్లాడికి జ్వరమొస్తే మొక్కుకుందంట. వాడికింకా ఒళ్ళు వెచ్చగానే ఉంది, ఈవిడ మొక్కు మాత్రం తీరింది."

"ఉపవాసం ఎప్పుడు విడిచావమ్మా?"

"విడవలేదండి. గొంతులోకి దిగట్లేదు. గురువారం రాత్రి తిన్నదే."

"తిను. నీ కోసం కాదు, పిల్లాడి పాల కోసం." ఆయన గడియారం తీసుకుని లేచాడు. "సీసా ఎవరు నింపుతారు?"

"వంటావిడ పున్నమ్మ. శుక్రవారం తనూ చర్చికి పోవాలని గురువారం సాయంత్రమే నింపింది."

"ఆ ఇంట్లో ఇంకెవరు పనిచేస్తారు?"

"కాంపౌండరు సాంబయ్య గారండి. నెత్తురు తీసేది ఆయనే. గురువారం రాత్రి బస్సుకే నందిగామ వచ్చేసారు, ఇక్కడ చుట్టాలున్నారంట. పొద్దున వచ్చి ధైర్యం చెప్పి వెళ్ళారు."

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టరు సిగరెట్టు వెలిగించాడు. "కాంపౌండరు సంగతి నేనూ చూసా. గురువారం ఏడున్నర బస్సెక్కాడు. కండక్టరు చెప్పాడు. శుక్రవారం రోజంతా ఇక్కడే ఉన్నాడు. పున్నమ్మ పొద్దున ఆరింటి నుంచి చర్చిలో ఉంది. గదిలో ఇద్దరే మనుషులు. ఒకరు పోయారు. రెండోవారెవరు?"

"నాకు ఆ గది చూపించండి."

"చూడండి. చూసి మీరు కూడా ఒప్పుకుంటే నా పని తేలికవుతుంది."

పదకొండూ అయిదుకి జీపు కదిలింది. ప్రయోగాల పుస్తకం ఇన్‌స్పెక్టరు తోలుసంచిలో ఉంది. దశరథరామయ్య అడిగి తీసుకుని మొదటినుంచీ తిప్పాడు. ఈ పుస్తకంలో ముప్పైతొమ్మిది రోజుల లెక్క ఉంది. ప్రేమకుమారిది గుండ్రటి బడిపిల్లల రాత. శుక్రవారం పేజీలో గంట, మాటలు, మనసు, మూడు వరసలు ఉన్నాయి. తొమ్మిది గంటలకు పది, నెమ్మది. తొమ్మిదిన్నరకు తొమ్మిది, నెమ్మది. పదింటికి ఏడు, విసుగు. పదిన్నరకు అయిదు, విసుగు. పదీ ముప్పావుకు మూడు, కోపం. పదకొండింటికి ఒకటి, నన్ను గుర్తుపట్టలేదు.

దాని కింద వేరే రాత. కలం కాగితాన్ని చీల్చుకుంటూ పోయింది. 'ఈ పిల్ల నాకు విషం పోసింది.'

"మరణ వాంగ్మూలం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "స్వదస్తూరీ. దీనికి మించిన సాక్ష్యం నా సర్వీసులో చూడలేదు."

"ఒక పది మాటలు చదువుతా, వినండి సార్. గొడుగు, జల్లెడ, పలక, కందిరీగ, తాళం, వేరుశెనగ, సున్నం, నాగలి, దిండు, పటిక."

"నేనేమన్నా ఒకటో క్లాసు పిల్లాణ్ణా?"

"వినండి చాలు."

పది నిమిషాలు ఏవేవో మాట్లాడి, ఆయన ఉన్నట్టుండి అడిగాడు. ఇన్‌స్పెక్టరు చిరాకుపడుతూనే వేళ్ళు మడిచి చెప్పాడు. కందిరీగ రెండుసార్లు వచ్చింది. మొత్తం ఏడు.

"పొద్దున ఏమన్నా తిన్నారా?"

"టీ తాగా. మీ బస్సు వస్తోందని టిఫిను కూడా మానేసా."

"ఆకలితో, నా మీద కోపంతో, మీకు ఏడు గుర్తున్నాయి. ఈ మాట రాసే ముందు ఆయనకి ఒకటి. ఎదురుగా ఉన్న మనిషెవరో తెలియలేదు. అటువంటి మనిషి రాసిన వాక్యం మీద పాలుతాగే పిల్లాడి తల్లిని జైలుకి పంపుతారా?"

"చట్టంలో పది మాటల పరీక్ష లేదండి. ఉంటే సగం మంది ప్లీడర్లే పాసవరు." ఇన్‌స్పెక్టరు సిగరెట్టు బయటికి విసిరాడు. "ఆయనకి మతి తప్పిందనే అనుకుందాం. మతి తప్పించింది ఎవరు?"

"ఏది అని అడగాలి. ముప్పైఎనిమిది రోజులు లెక్క దిగింది, గ్లాసు తాగగానే లేచింది. ఒక్క రోజు కూడా తప్పలేదు. ముప్పైతొమ్మిదో రోజు గ్లాసున్నర తాగినా లేవలేదు. సూది అదే, మనిషి అదే. మారింది గ్లాసులోదే అయ్యుండాలి."

"నేనూ అదే అంటున్నా. విషం."

"మీరు ఏదో కలిసిందంటున్నారు. నేను ఏదో లేదంటున్నా."

ఇన్‌స్పెక్టరు ఇంకో సిగరెట్టు తీశాడు. ఆ మాట ఆయనకు పూర్తిగా ఎక్కినట్టు లేదు.

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా జగ్గయ్యపేటలో డాక్టరు ఇంటి ముందు దిగారు. కాపలా పోలీసు తాళం తీశాడు. పున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగుమీద కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది.

పరిశోధన గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు చెక్క అలమర ఉన్నాయి. బల్లమీద సూదుల డబ్బా. సగం ఖాళీ అయిన సీసా బల్లమీదే ఉంది. పంచాయతీదార్ల సంతకాలు మూడింటికి. అప్పుడుగాని దానికి లక్క సీలు పడదు.

దశరథరామయ్య సీసాను ముట్టుకోలేదు. బల్ల పక్కన గచ్చుమీద చేటంత మేర ఎండిన మరక కనిపిస్తే మోకాళ్ళమీద కూర్చుని వేలితో రాశాడు. వేలు పొడిగా జారింది.

"ఇది ఆయన గ్లాసు కొట్టేసినప్పుడు పడ్డ నీళ్ళే కదా?"

"అవును. మా పంచనామాలో ఉంది."

"పున్నమ్మా, ఇట్లా రా. సీసా ఎక్కడ పెడతావు నువ్వు?"

"ఆ అలమర రెండో అరలో బాబుగారూ. సాసర్లో నీళ్ళు పోసి, దాంట్లో పెడతా."

"సాసర్లో నీళ్ళెందుకు?"

పున్నమ్మ ఆయన్ను వింతగా చూసింది. "చీమలకండి. ఈ ఇంట్లో చీమలంటే చీమలు కాదు. పంచదార డబ్బా ఒక్క గంట పొడినేల మీద పెట్టి చూడండి, డబ్బాతో సహా మోసుకుపోతాయి."

సాసరు రెండో అరలో లేదు. కింది అరలో, పాత పేపర్లమీద బోర్లా పెట్టి ఉంది, ఎండి. రెండో అర చెక్కమీద సీసా అడుగు మేర గుండ్రటి తడిమచ్చ ఆరిన గుర్తుంది. సీసా ఒక రాత్రంతా చెక్కమీదే ఉన్నట్టుంది. దశరథరామయ్య అలమర మూలలు, సీసా మూతి, గచ్చుమీద మరక వరసగా చూశాడు. ఒక్క చీమ కూడా లేదు.

"ఇన్‌స్పెక్టరు గారూ, నిన్న పదీ యాభైకి ఇక్కడ అరగ్లాసు పంచదార నీళ్ళు ఒలికాయి. ఇవాళ మధ్యాహ్నం అయింది. చీమలేవి?"

"విషం ఉందిగా. చచ్చి ఉంటాయి."

"చస్తే శవాలుండాలి కదండీ."

పున్నమ్మ కొంగుచాటున నవ్వబోయి ఆపుకుంది. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది.

దశరథరామయ్య పెరట్లోకి నడిచాడు. నూతి గట్టుకీ వంటింటి గోడకీ మధ్య తూము. అక్కడ ఇటుకల సందులోంచి నల్లచీమల బారు గోడ పొడవునా పోతోంది. తూము మొదట్లో మట్టి నల్లగా, జిగటగా ఉంది. ఆయన వేలితో తీసి చూపించాడు. వేలికి అంటుకుంది.

"ఇక్కడేం పోసావు పున్నమ్మా?"

"నేనేం పోస్తానండి? గురువారం ఆరున్నరకి ఇంటికి పోయినదాన్ని, ఇవాళ మీ వెనకే పెరట్లో అడుగుపెట్టా."

"గురువారం సాయంత్రం నువ్వు సీసా నింపావు, పంచదారతో. ఎవరో ఆ సీసా ఇక్కడ ఒంపేసారు. వేరే నీళ్ళు పోసి అలమరలో పెట్టారు. పెట్టిన మనిషికి తెలుసు అందులో పంచదార లేదని. అందుకే చీమల భయం లేక సాసరు పక్కన పడేసాడు. ఆడమనిషి ఎవరూ అట్లా పెట్టరు, విషం కలిపినా సరే సాసర్లోనే పెడతారు. ప్రేమకుమారి ఏడాది నుంచి రోజూ సాసర్లోంచి తీసే మనిషి."

"చీమల్ని బోనెక్కించమంటారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎక్కిస్తే ఎదురింటావిడ కంటే నయం. వీటికి ఎవరి మీదా కోపం లేదు."

"చూడండి." ఇన్‌స్పెక్టరు గొంతు గట్టిపడింది. "సీసా హైదరాబాదు పోతుంది. పరీక్ష చేసే ఆఫీసరున్నాడు. ఏముందో ఆయన చెబుతాడు. మీ వంటింటి కబుర్లు నాకొద్దు."

"పోతుంది. రెండు నెలలకి జవాబొస్తుంది. ఆయన విషం కోసం వెతుకుతాడు, విషం దొరకదు. పంచదార ఉందా అని మీరు అడగరు కాబట్టి ఆయన చెప్పడు. ఆ రెండు నెలలూ ఆ పిల్ల లోపలుంటుంది. అప్పటికి పిల్లాడు పాలు మరిచిపోతాడు." దశరథరామయ్య గడియారం చూశాడు. పన్నెండూ యాభై. "సీలు పడకముందు నాకు ఒక్క గ్లాసు ఇవ్వండి. మీ ఎదురుగా, మీ పోలీసు చేత్తోనే పోయించండి. మిగతాది మీ హైదరాబాదుకే. తప్పయితే నేనే మీ రిపోర్టు కింద సంతకం పెట్టి బస్సెక్కుతా."

ఇన్‌స్పెక్టరు కొంచెం సేపు బూటుతో నేల తట్టాడు. మొండివాడేగాని దొంగ మనిషి కాదు. "ఏం చేస్తారు ఒక గ్లాసుతో?"

"పాకం పట్టిస్తా."

పున్నమ్మ రెండు కుంపట్లు రాజేసింది. ఒక గిన్నెలో సీసాలోని గ్లాసెడు నీళ్ళు. రెండోదాంట్లో అదే కొలతకు తాను రోజూ వేసినంత పంచదార వేసి కలిపిన నీళ్ళు. రెండూ ఒకే రంగులో ఉన్నాయి. దశరథరామయ్య సీసా నీళ్ళు ఒక బొట్టు నాలికకు తగిలించుకున్నాడు.

"ఏమిటండీ మీరు చేసే పని?" ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యగానే ఉంది. పంచదార కంటే తియ్యగా. మింగాక నాలిక మొదట్లో చేదు. నిన్న ఆ పిల్ల ఉపవాసం లేకపోతే గ్లాసు నోట పెట్టగానే పట్టేసేది. ఆయనకి అప్పటికే నాలిక మీద ధ్యాస లేదు."

ఒకటీ ఇరవైకి పంచదార గిన్నెలో బుడగలు చిక్కబడ్డాయి. పున్నమ్మ చెంచాతో ఒక బొట్టు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి సాగదీసింది.

"తీగపాకం వచ్చిందండి."

"అందులో?"

రెండో గిన్నెలో నీళ్ళు మరిగి మరిగి అడుగంటాయి. ఆవిరి తప్ప వాసన లేదు. పున్నమ్మ వేళ్ళు విడదీసింది. తీగ లేదు. గిన్నె దించేసరికి అడుగున ఉప్పు పొరలాంటి తెల్లటి పొడి మిగిలింది.

"ఇది పాకం రాదండి. నలభై ఏళ్ళ నుంచి అరిసెలు వండుతున్నా, నాకు తెలవదా? ఇందులో పంచదార గింజ లేదు." గిన్నె పట్టుకునే ఆలోచించి, మళ్ళీ అంది. "ఇది అయ్యగారి కాఫీ బిళ్ళల పొడిలా ఉంది బాబుగారూ."

"ఏం బిళ్ళలు?"

"అయ్యగారికి చక్కెర జబ్బు కదా, కాఫీలో పంచదార బదులు బిళ్ళ వేస్తా. చిన్నగా, తెల్లగా ఉంటాయి. సాకరిన్ అంటారు. బుధవారమే కొత్త సీసా తీసా. ఇందాక చూస్తే పావు కూడా లేవు. పోలీసాయన తిన్నాడేమో అనుకున్నా."

అరుగుమీద ఉన్న కాపలా పోలీసు ఉలిక్కిపడ్డాడు. ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి వెళ్ళి ఆ సీసా తానే తెచ్చాడు. ముప్పాతిక ఖాళీ అయిన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, టోపీ తీసి మోకాలిమీద పెట్టుకుని కూర్చున్నాడు.

"పేరుకి తీపే. మెదడుకి అందులో తిండి లేదు," అన్నాడు దశరథరామయ్య. "ఆయన తాగుతున్న కొద్దీ ఆకలితో చచ్చాడు. ఆ పిల్ల బతికించాలని అవే నీళ్ళు పోస్తూ కూర్చుంది. గురువారం సాయంత్రం ఆరున్నర తర్వాత ఈ ఇంట్లో ఎవరున్నారు పున్నమ్మా?"

"అయ్యగారు ఆరున్నరకి షికారుకి పోతారండి, ఏడున్నరకి వస్తారు. సాంబయ్యే ఉన్నాడు, పెట్టె సర్దుకుంటూ."

"ఏడున్నర బస్సుకి పోయాడు. శుక్రవారం ఆయన నందిగామలో ఉన్నా, పేటలో ఉన్నా ఒకటే," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "కానీ ఎందుకండీ? ఆరేళ్ళుగా డాక్టరు గారి అన్నం తిన్న మనిషి."

దశరథరామయ్య జీపులో పూర్తిగా చూడని పుస్తకాన్ని వెనకనుంచి తిప్పాడు. చివరి అట్టకు ముందు రెండు పేజీలు వేరేగా ఉన్నాయి. ప్రేమకుమారి రాతే, డాక్టరు చెప్పి రాయించినట్టుంది. పైకే చదివాడు.

'రత్తమ్మ, చందర్లపాడు. వయసు అరవైరెండు. చక్కెర జబ్బు లేదు. పదకొండెకరాల దస్తావేజు మీద వేలిముద్ర వేసినట్టు ఆమెకు గుర్తు లేదు. ఆ రోజు ఏకాదశి, ఉపవాసం. బలానికని ఒక సూది వేశారంది. తర్వాత ఒళ్ళంతా చెమట, అకారణంగా ఏడుపు, కోపం. ఆ పూట ఏమి జరిగిందీ తెలియదు. అబద్ధమాడటం లేదు. ఇది ఇన్సులిన్ పనే అని నా నమ్మకం. ఇన్సులిన్ నా అలమరలోది తప్ప ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. సోమవారం నందిగామ కోర్టులో ఈ సంగతి చెప్పాలి.'

"రత్తమ్మ గారా?" అంది పున్నమ్మ. "సాంబయ్య మేనత్తండి. ఆ పొలం ఆయన పేరే రాసిందన్నారు. పాపం, నేను రాయలేదని ఆవిడ గోల."

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "ఇంట్లో మనిషి కదా, ఈ మాట వాడి చెవిన పడి ఉంటుంది. సోమవారం చెప్పాల్సిన మనిషిని శుక్రవారం చంపేసాడు."

"పుస్తకం మన చేతిలో ఉంది. ఇవి చెవులారా విని రాసిన మనిషి మీ స్టేషన్లో ఉంది. డాక్టరు తర్వాత ఈ సంగతి తెలిసింది ఆమె ఒక్కతికే." దశరథరామయ్య అప్పటికే గుమ్మం దాటాడు. "ఫోను ఎక్కడుంది?"

జగ్గయ్యపేట స్టేషన్‌లో ట్రంకు కాల్ దొరికేసరికి రెండూ ఇరవై అయిదయింది. అవతల హెడ్ కానిస్టేబుల్ చిన్నబాబు పలికాడు.

"ఆ అమ్మాయి కాగితాలు ఆపు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మేజిస్ట్రేటు గారి దగ్గరికి తీసుకెళ్ళొద్దు. నేను వస్తున్నా."

"మంచిదండి. అయినా ఆవిడ ఇప్పుడు నడిచేట్టు లేదు సార్. నాటకం మొదలుపెట్టింది. చెమటలు పోసుకుంటోంది, మమ్మల్ని తిడుతోంది. ఇందాక పిల్లాడు ఏడిస్తే 'ఎవరండీ ఆ పిల్లాడు, వాళ్ళమ్మని పిలవండి' అంది. ఇట్లాంటివి ఎన్ని చూళ్ళేదు."

ఇన్‌స్పెక్టరు చేతిలోంచి దశరథరామయ్య రిసీవరు లాక్కున్నాడు.

"చిన్నబాబూ, ఆమె దగ్గరికి ఎవరొచ్చారు?"

"డాక్టరుగారి కాంపౌండరండి, సాంబయ్య గారు. ఏమీ తినట్లేదని ఒంటిగంటన్నరకి బలానికి సూది వేసారు."

"ఎక్కడున్నాడు?"

"ఇక్కడే, వెనక గదిలో. ముసలమ్మని పాలడబ్బాకని బజారుకి పంపి, పిల్లాణ్ణి ఆయనే ఎత్తుకున్నారు. వాడికీ ఒళ్ళు వెచ్చగా ఉందంటే, చిన్న సూది వేద్దామని కడుగుతున్నారండి."

దశరథరామయ్య గొంతు పెంచలేదు. "ఫోను పెట్టొద్దు. పక్కన ఉంచు. నవ్వుకుంటూ లోపలికి వెళ్ళు. పిల్లాణ్ణి వాళ్ళ నాన్న చూడాలంటున్నాడని చెప్పి చేతుల్లోంచి తీసుకో. సూది వెయ్యనివ్వకు. వాణ్ణి బయటికి పోనివ్వకు. ఎదురు హోటల్లో దోసెడు పంచదార అడిగి నీళ్ళలో కలిపి ఆమెకి పట్టించు. నీ చేత్తో కలుపు. అర్థమైందా?"

"అయిందండి."

చెక్కమీద రిసీవరు పెట్టిన చప్పుడు. బూట్ల అడుగులు దూరమయ్యాయి. ఎక్కడో పిల్లవాడు ఏడుస్తున్నాడు. దశరథరామయ్య గడియారం మూత తెరిచి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు డ్రైవరుకి చేత్తో సైగ చేశాడు. జీపు బయట స్టార్టయింది. నందిగామ ముప్పావుగంట దూరం.

ఒక నిమిషం. రెండు. ఏడుపు ఉన్నట్టుండి దగ్గరయింది, రిసీవరు పక్కకే వచ్చింది.

"సార్," అన్నాడు చిన్నబాబు. ఊపిరి అందటం లేదు. "పిల్లాడు నా చేతిలో ఉన్నాడండి. సూది పడలేదు. కానీ నేను వీణ్ణి తీసుకుని ఇవతలికి రాగానే ఆయన లోపల్నించి గడియ పెట్టుకున్నాడు. తలుపు తియ్యమంటే పలకట్లేదు. ఆవిడ లోపలే ఉందండి."